నేలకు జానెడెత్తున రెండు సీట్లు

బెంటన్‌విల్
జూన్ 8, 2025

అన్నయ్యకి,

మొన్న ఫోన్లో నేను ఒకటి చెబితే నువ్వు ఇంకొకటి విన్నావు, విన్నదానికి సలహా కూడా చెప్పేశావు. నీ చెవి మిషన్ కీచుమంటుంటే నా మాటలు సగం గొంతులోనే ఆగిపోయాయి. ఇద్దరం అరుచుకుని ఫోన్ పెట్టేయడం ఇది మూడోసారి. అందుకని ఇకమీదట ఉత్తరాలే. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

విషయం మీ బావ గురించి. ఫిబ్రవరిలో ఆయన కాంట్రాక్టు రెన్యూ చేయలేదని చెప్పాను కదా. పంతొమ్మిదేళ్ళు ఒకే ఆఫీస్‌కి డ్రైవ్ చేసిన మనిషి. మొదట్లో రోజూ అప్లికేషన్లు పెట్టేవారు. అరవై రెండేళ్ళ మనిషిని ఎవరు పిలుస్తారు? మార్చి వచ్చేసరికి అదీ మానేశారు. నేను ఫార్మసీ కౌంటర్‌లో ఎనిమిది గంటలు నిలబడి ఇంటికొస్తే, పొద్దున వదిలి వెళ్ళిన లుంగీతోనే, వదిలి వెళ్ళిన కుర్చీలోనే ఉంటారు. ఏమైనా తిన్నారా అని అడగడం కూడా నాకు విసుగైపోయింది.

ఏప్రిల్‌లో నేనే బలవంతంగా కార్ ఎక్కించి, ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న మ్యూజియంలో దింపి వచ్చాను. అందులో పాత వ్యవసాయ పనిముట్లు ఉంటాయి. ఊరికే సాయం చేసేవాళ్ళు కావాలని మా స్టోర్‌లో కాగితం అంటించారు. దాన్ని చూసుకునే పెద్దాయన పేరు రాల్ఫ్. ఎనభై దాటాయి, మాట తక్కువ. మీ బావకి ఆయనతో బాగా కుదిరింది. వారానికి మూడు రోజులు వెళ్ళి తుప్పు గీకి, నూనె పెట్టి వస్తున్నారు.

ఇప్పుడు ఆ మ్యూజియం వర్క్‌షాప్‌లో ఒక ఉద్యోగం ఖాళీ అవుతోంది. చిన్నదే గానీ ఉద్యోగం. రాల్ఫ్ తన షెడ్‌లో మూల పడి ఉన్న ఒక సామాను చూపించి, ఇది గుర్రం లాగేదని తప్ప ఇంకేమీ తెలియదు, కాగితాలు లేకుండా ఎవరో వదిలి వెళ్ళారు అన్నాడట. ఇది దేనికో కనిపెట్టి, సెప్టెంబరు ఇరయ్యో తారీఖున మ్యూజియం నడిపే బోర్డు వాళ్ళు వచ్చేసరికి పని చేయించి చూపిస్తే నీ గురించి గట్టిగా చెబుతానన్నాడట.

ఆరు ఫోటోలు పంపుతున్నాను. ముందు రెండు ఇనప చక్రాలు. మధ్యలో ఏదో గుండ్రటిది పెట్టుకునే చట్రం, అది ఖాళీ. దాని పైన తోలేవాడి సీటు. కింద నేలని చీల్చే కర్రు, దాని వెనకే ఒక గొట్టం. అన్నిటికంటే వెనక, నేలకు జానెడెత్తున, పక్కపక్కన రెండు సీట్లు. వాటిలో కాళ్ళు ముందుకి చాపితే తప్ప కూర్చోలేం. వాటి వెనక వాలుగా రెండు చిన్న చక్రాలు.

నువ్వు ట్రాక్టర్ల కంపెనీలో చేసినవాడివి. చూసి చెప్పు. ఆయన మళ్ళీ పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికో ఒక చోటికి వెళ్ళాలి. నాకు కావలసింది అంతే.

వదినని అడిగానని చెప్పు. కాళ్ళు లాగేస్తున్నాయి, ఇక ఆపుతాను.

వసంత


నేపర్‌విల్
జూన్ 19

వసంతా,

నీ కవరు నిన్న అందింది. ఉత్తరం పద్ధతిగా ఉంది. నీకు చదువు అబ్బలేదు గానీ చేతివ్రాత మాత్రం మన ఇంట్లో నీదే బాగుండేది. మొన్న మా అమ్మాయి నిధితో కూడా అదే అన్నాను.

ఫోటోలు భూతద్దం పెట్టి చూశాను. ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చున్నవాడికి ఇదేం పెద్ద చిక్కు కాదు. అది గొర్రు. మనవైపు ఎడ్లు లాగేది, ఇక్కడ గుర్రం లాగింది. అంతే తేడా. ఖాళీగా ఉందన్న చట్రంలో విత్తనాల డబ్బా ఉండేది. మన గొర్రుకి పైన జడ్డిగం ఉండి, విత్తనం పోస్తే గొట్టంలోంచి చాల్లోకి జారేది చూడు, ఆ జడ్డిగం పని ఇక్కడ ఆ డబ్బాది. వెనక చక్రాలు మట్టి కప్పడానికి. రాల్ఫ్ అనే ఆయనకి ఇంతకాలం తెలియలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఇక ఆ కింది సీట్లు. బుద్ధున్న రైతు ఎవడైనా నేలకు జానెడెత్తున, దుమ్ములో, కాళ్ళు చాపుకుని కూర్చుంటాడా? ఏ సంతలోనో పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి ఎవరో తర్వాత బిగించిన వ్యవహారం. బోల్టులు కూడా వేరే రకంగా కనిపిస్తున్నాయి. వాటిని ఊడదీసేయమని బావతో చెప్పు. యంత్రం శుభ్రంగా దాని అసలు రూపంలో కనపడాలి. బోర్డు వాళ్ళ ముందు అవి ఉంటే నవ్వులపాలవుతాడు.

ఇక్కడ అంతా మామూలే. నా మోకాలు మెట్ల దగ్గర మొరాయిస్తోంది. మీ వదిన ప్లేనోలో నిధి దగ్గరే ఉంది. నిధికి కాన్పు అయినప్పుడు, మార్చిలో, రెండు వారాలని వెళ్ళింది. పసిపిల్లతో తీరిక ఉండదు కదా. నేను మైక్రోవేవ్‌లో ఉప్మా చేయడం నేర్చుకున్నాను. ఎవరికీ పెట్టే స్థాయిలో లేదు.

బావకి ధైర్యం చెప్పు. ఇంజనీరింగ్ ప్రశ్నకి ఇంజనీరు దొరికాడని చెప్పు.

అన్నయ్య జగన్మోహన్


బెంటన్‌విల్
జూలై 6

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావ చేతికిచ్చి తప్పు చేశాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడుసార్లు తీసి చూసుకోవడం నేను చూశాను. బావగారు చెప్పాక ఇంకేముంది అన్నారు. ఫిబ్రవరి తర్వాత ఆ రాత్రే సరిగ్గా అన్నం తిన్నారు.

మర్నాడే వెళ్ళి రెండు సీట్లూ ఊడదీశారు. తుప్పు పట్టిన బోల్టులు, రెండు పూటలు పట్టిందట. ఆ రోజు శుక్రవారం. మ్యూజియంలో పనికిరాని ఇనుమంతా శుక్రవారం ఒక ట్రక్కు వచ్చి పట్టుకుపోతుంది. ఈ సీట్లు కూడా ఆ కుప్పలో వేశారు. నువ్వు వాటిని పిల్లలాట అన్నావు కదా, ఇంకెందుకనుకున్నారు. తర్వాత "ఒక వరస విత్తే గొర్రు" అని ఇంగ్లీషులో అందంగా అట్ట మీద రాసి దానికి కట్టారు.

సోమవారం రాల్ఫ్ వచ్చి చాలాసేపు చూశాడట. గొట్టం పై చివర ఒక మర ఉంది, మన ఇంట్లో నీళ్ళ కుళాయికి ఉండేలాంటిది. గొట్టం లోపల తెల్లగా సున్నంలా గార పట్టి ఉంది, నీళ్ళ బిందెలకి పట్టినట్టు. విత్తనాలకి కుళాయి ఎందుకు అని అడిగాడట. మీ బావ దగ్గర జవాబు లేదు. సీట్లు ఎక్కడ అని అడిగాడట. దానికి జవాబు ఉంది, చెప్పారు. రాల్ఫ్ అట్ట విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడట.

తిట్టినా బాగుండేది అంటున్నారు మీ బావ. వారం కావస్తోంది, మ్యూజియంకి వెళ్ళలేదు. మళ్ళీ లుంగీ, మళ్ళీ కుర్చీ. నిన్ను ఒక్క మాట అనలేదు. బావగారికి ఫోటోలు సరిగ్గా తీసి పంపలేదు, తప్పు నాదే అంటున్నారు. నాకు మాత్రం నీ మీద కోపంగానే ఉంది, దాచుకోను. తెలియకపోతే తెలియదని రాయవచ్చు కదా.

వదిన మార్చి నుంచి ప్లేనోలో ఉందా? రెండు వారాలు నాలుగు నెలలు ఎప్పుడయ్యాయి? నాకెందుకు చెప్పలేదు?

వసంత


నేపర్‌విల్
జూలై 17

వసంతా,

నీ ఉత్తరంలో కోపం ఎక్కువ, సమాచారం తక్కువ. కుళాయి సంగతి మొదటి ఫోటోల్లో లేదు. లేని సమాచారంతో ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. నా తర్కంలో తప్పు లేదు.

కుళాయి ఉందంటే అది నీరు కాదు, ద్రవ ఎరువు. పశువుల మూత్రం, పేడనీళ్ళు పీపాలో పోసి, కర్రు వెనక నుంచి చాల్లోకి వదిలే ఏర్పాటు. ఆ తెల్లటి గార దాని వల్లే. నాలుగు పేజీల డ్రాయింగ్ వేసి, కొలతలతో సహా బావ పేరునే పంపిస్తున్నాను. ఈసారి నీ చేతి మీదుగా వద్దు. మధ్యలో నీ వ్యాఖ్యానాలు చేరుతున్నాయి.

సీట్ల విషయంలో నా మాట మీదే ఉన్నాను. పేడనీళ్ళు కారే చోట వెనక ఇద్దరు కూర్చుంటారా? ఆలోచించు.

మీ వదిన విషయం నీకు చెప్పవలసినంత విషయం కాదు కాబట్టి చెప్పలేదు. ఆమె నీకు ఫోన్ చేసి ఏం చెప్పిందో నాకు తెలియదు గానీ, రెండో వైపు కూడా ఉంటుందని గుర్తుంచుకో. నేను ఆమెని ఎప్పుడూ ఒక మాట అనలేదు. ఇంట్లో ఏ నిర్ణయమైనా నేనే తీసుకుని ఆమెకి శ్రమ లేకుండా చూశాను. అది తప్పంటే నేనేం చేయను?

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. పెరట్లో టమాటా మొక్కలు ఎండిపోయాయి. వాటి సంగతి కూడా ఆమే చూసేది.

అన్నయ్య


బెంటన్‌విల్
ఆగస్టు 24

అన్నయ్యా,

ఆలస్యంగా రాస్తున్నాను. కౌంటర్‌లో ఒకమ్మాయి మానేసింది, నా షిఫ్టులు పెరిగాయి. ఇంటికొచ్చాక పెన్ను పట్టుకునే ఓపిక ఉండడం లేదు. ఇవాళ ఆదివారం కాబట్టి కూర్చున్నాను.

ముందు వదిన సంగతి. వదిన నాకు ఫోన్ చేయలేదు, ఏమీ చెప్పలేదు. ఏదో జరిగిందని నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. ఇంతకంటే అడగను.

నీ నాలుగు పేజీల డ్రాయింగ్ మీ బావ చూశారు. చాలా బాగుంది అన్నారు. మడిచి డ్రాయర్‌లో పెట్టేశారు. మ్యూజియం తాళంచెవి తీసి నా చేతికిచ్చి, వీలున్నప్పుడు రాల్ఫ్‌కి ఇచ్చేయి, నేను ఇక వెళ్ళను అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు. నాకు దానికే భయం వేసింది.

మొన్న గురువారం నాకు సెలవు. తాళంచెవి ఇవ్వడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. సీట్లు పారేసినందుకు క్షమాపణ చెప్పి వచ్చేద్దామనుకున్నాను. రాల్ఫ్ కాఫీ ఇచ్చాడు. మీ ఆయన చేతిలో పని ఉంది, ఎందుకు రావడం లేదని అడిగాడు. తర్వాత నన్ను షెడ్‌లోకి తీసుకెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఫోటోలు ప్రింట్ వేయించి మీ ఇద్దరి మధ్య తిప్పానే గానీ నేను దాన్ని కళ్ళతో చూడలేదు, అన్నయ్యా. నన్ను ఎవరూ చూడమనలేదు. నాకూ తోచలేదు.

దానిమీద ఎండ పడుతోందని రాల్ఫ్ దాన్ని కొంచెం ముందుకి నెట్టాడు. చక్రం తిరగగానే టక్కున చప్పుడైంది. ఇంకొంచెం నెట్టాడు, మళ్ళీ టక్కు. ఇంకోసారి నెట్టమని అడిగాను. చక్రానికి పన్నులా పొడుచుకొచ్చిన మేకు ఒకటి ఉంది, అది తిరిగినప్పుడల్లా ఆ కుళాయిని ఎత్తి దించుతోంది. రెండడుగులకి ఒకసారి. వంగి చూస్తే గొట్టం మూతి సరిగ్గా కర్రు చీల్చిన చోటే ఉంది.

నీకు తెలియదు. పొగాకు నాట్లప్పుడు నువ్వు ఎప్పుడూ ఊళ్ళో లేవు. నువ్వు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నావు, సెలవులకి వచ్చేసరికి ఆకు వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో ఉండేది. అక్టోబరు, నవంబరు నెలల్లో మన కొండపి చేలో అమ్మ ముందు నారు నాటేది, నేను బిందె చంకన పెట్టుకుని వెనక నడిచేదాన్ని. అమ్మ రెండడుగులకి ఒకసారి "ఊఁ" అనేది. ఆ ఊఁకి నేను గుంతలో చెంబెడు నీళ్ళు పోయాలి. మొక్క పెట్టకముందు పోస్తే బురద, ఆలస్యంగా పోస్తే మొక్క వాలిపోతుంది. సరిగ్గా అప్పుడే పోయాలి. పొద్దున నుంచి చీకటి పడేదాకా ఆ ఊఁ వింటూ ఉండేదాన్ని. ఆ యంత్రం టక్కుమన్నది సరిగ్గా ఆ ఊఁ పడే చోటే.

అది నారు నాటే బండి. చట్రంలో నీళ్ళ పీపా ఉండేది. వెనక ఇద్దరు ఒళ్ళో నారు కట్టలు పెట్టుకుని కూర్చుంటారు. ఒకరు మొక్క పెడుతుండగా ఇంకొకరు కట్టలోంచి తర్వాతి మొక్క విడదీసుకోవాలి, ఎందుకంటే గుర్రం ఆగదు. ఒకసారి ఒకరు, ఒకసారి ఇంకొకరు. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. మొక్క పెట్టే చెయ్యి నేలకి అందాలి కాబట్టే సీట్లు అంత కిందికి ఉన్నాయి. బుద్ధున్న రైతు అక్కడ కూర్చోడు, నిజమే. ఆడవాళ్ళు, పిల్లలు కూర్చుంటారు.

రాల్ఫ్‌కి చెప్పాను. ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు టమాటా పొలాలేనట, పండినదంతా డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి తోలేవాళ్ళట. "నువ్వు ఈ పని చేశావు కదా," అన్నాడు. "చేశాను. వంగి చేశాను, కూర్చుని కాదు," అన్నాను. చెబితే నవ్వుతావేమో, ఎవరో తెలియని ఆ మనుషుల మీద నాకు అసూయ కలిగింది. వాళ్ళకి కూర్చోవడానికి సీటు ఉంది.

నాకు చదువు అబ్బలేదని నువ్వు రాశావు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అంటూనే ఉంటావు, నవ్వుతూనే అంటావు. ఏటా మూడు నెలలు నేను బడికి వెళ్ళలేదు. అర్ధ సంవత్సర పరీక్షలు ఒక్కసారీ రాయలేదు. తొమ్మిదిలో మాస్టారు ఇక రావద్దన్నారు. ఇక్కడికొచ్చాక నలభై ఒకటో ఏట హైస్కూల్ పరీక్ష రాస్తే మొదటిసారే పాసయ్యాను. ఇది నిన్ను దెప్పడానికి రాయడం లేదు. రాస్తుంటే వచ్చింది, కొట్టేసే ఓపిక లేదు.

ఇప్పుడు నాకు నీ సాయం కావాలి. ఇది నేను కనిపెట్టానని మీ బావకి చెప్పలేను. ఇంటికి జీతం తెచ్చేది నేను, బీమా నాది, కార్ వాయిదాలు కట్టేది నేను. చివరికి ఆయన పని కూడా నేనే చేసిపెట్టానంటే ఆ మనిషి ఇక లేవరు. అందుకని నువ్వు రాయి. ఇంకోసారి ఆలోచిస్తే తట్టిందని, నీ మాటగా, నీ చేతివ్రాతతో రాయి. నువ్వు చెబితే నమ్ముతారు. రాల్ఫ్ నోరు మెదపనన్నాడు. ఇరయ్యో తారీఖుకి ఇంకా నాలుగు వారాలు ఉంది, సీట్లు కొత్తగా చేసుకోవచ్చు. తాళంచెవి నా బ్యాగ్‌లోనే ఉంది, తిరిగి ఇవ్వలేదు.

ఎన్నోసార్లు నీకు తెలియనివి తెలిసినట్టు చెప్పావు. ఈ ఒక్కసారి నా కోసం చెప్పు.

వసంత


నేపర్‌విల్
సెప్టెంబర్ 3

వసంతా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. నువ్వు అడిగినట్టే బావకి రాద్దామని కూర్చున్నాను. "ఇంకోసారి ఆలోచించగా" అని మొదలుపెట్టాను. నాలుగు కాగితాలు చించాను. నా జీవితంలో తెలియని విషయాలు ధాటిగా రాయడానికి నాకెప్పుడూ ఇబ్బంది లేదు, ఆ సంగతి నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. తెలిసి ఒకరిది నాదని రాయడం మాత్రం చేతకాలేదు.

అమ్మ నాకు కాకినాడకి కార్డులు రాసేది. వాటిలో "వసంత బాగుంది" అని ఉండేది. "వసంత బాగా చదువుతోంది" అని ఎప్పుడూ లేదు. నేను తేడా గమనించలేదు, ఎందుకని అడగలేదు. నీకు చదువు మీద ఆసక్తి లేదని నాకు నేనే అనుకున్నాను. అనుకున్నది యాభై ఏళ్ళు అందరికీ చెప్పాను. ఒక్కసారి అడిగి ఉంటే అమ్మో నువ్వో చెప్పేవాళ్ళు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజుల్లో నీకు ఏ సబ్జెక్ట్ ఇష్టంగా ఉండేది? నవ్వుకోకుండా రాయి.

బావకి నిజమే రాశాను. ఆ యంత్రం ఏమిటో కనిపెట్టింది నువ్వని, ఎలా కనిపెట్టావో, పొలంలో ఏం చేసేదానివో, సీట్లు పారేయించిన మూర్ఖుడిని నేనని, అన్నీ రాశాను. అబద్ధం మీద నిలబెట్టిన మనిషి ఎన్నాళ్ళు నిలబడతాడు, అది నాకు తెలియదు. ఇది కూడా తప్పు సలహా అయితే అయి ఉండవచ్చు. ఈసారి నాకు గట్టి నమ్మకం లేదు. భయంగానే ఉంది. రెండు కవర్లూ ఒకే రోజు పోస్ట్ చేస్తున్నాను.

నిన్న మీ వదిన ఉషకి ఫోన్ చేశాను. చెవి మిషన్ తీసేసి స్పీకర్ పెట్టుకుని విన్నాను. నువ్వు ఎందుకు రావడం లేదని అడిగాను. "మీరు ఈ ప్రశ్న ఇప్పుడు అడిగారు కదా, జవాబు వెతుక్కోవాలి," అంది. శనివారం ప్లేనోకి టికెట్ బుక్ చేశాను. అక్కడికి వెళ్ళి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

జగన్మోహన్


బెంటన్‌విల్
సెప్టెంబర్ 28

అన్నయ్యా,

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఉద్యోగం వచ్చింది. వారానికి మూడు రోజులు, బుధవారం నుంచి. నిన్ననే ఐదు చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నారు. నూనె మరకల పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకంటే వినడం లేదు.

నువ్వు నిజం రాశావని చదివినప్పుడు నీ మీద మండిపడ్డాను. అప్పటికే మీ బావ మెయిల్ బాక్స్ దగ్గరే నిలబడి తన ఉత్తరం చదివేశారు. లోపలికి వచ్చి నేరుగా ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ పూట అన్నం తినలేదు, మర్నాడు పొద్దున కూడా. నేను డ్యూటీకి వెళ్ళానే గానీ ఏ మందు ఏ కవరులో వేస్తున్నానో రెండేసిసార్లు చూసుకోవలసి వచ్చింది. అంతా పాడైపోయిందనుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి గరాజ్‌లో ఉన్నారు. నేల మీద చిన్న పీట వేసి, కొలిచే టేపు పట్టుకుని నిలబడ్డారు. నన్ను దాని మీద కూర్చోమన్నారు. యూనిఫాం కూడా మార్చుకోలేదు, కాళ్ళు చాపి కూర్చున్నాను. "నీ చెయ్యి ఎక్కడి దాకా వస్తుంది?" అని అడిగారు. చూపించాను. గుర్తు పెట్టుకున్నారు. పీట పది సెంటీమీటర్లు ముందుకి జరిపి మళ్ళీ అడిగారు. అలా గంటసేపు. నడుము నొప్పి రాకుండా ఎలా ఉండాలి, కట్ట ఒళ్ళో ఏ వైపు ఉండాలి, అన్నీ నన్నే అడిగి రాసుకున్నారు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో నా పని గురించి ఆయన అన్ని ప్రశ్నలు అడగలేదు. సీట్లు పలకలతో తనే చేశారు, కింది ఇనుము రాల్ఫ్ వంచి ఇచ్చాడు. పీపా ఎవరో పక్క ఊరివాళ్ళది.

నువ్వు అడిగిన దానికి జవాబు: లెక్కలు. లెక్కల మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచేవారు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇరయ్యో తారీఖు శనివారం బోర్డు వాళ్ళు తొమ్మిది మంది వచ్చారు. ఎండ గట్టిగా కాసింది. ముందు మీ బావ యంత్రం గురించి చెప్పాలి. మూడు రోజులు కూర్చుని ఇంగ్లీషులో రాసుకున్న కాగితం చేతిలో ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టేసి, ఇది ఏమిటో కనిపెట్టింది నా భార్య, ఆమె చెబుతుంది అన్నారు. నాకు చెప్పకుండా చేసిన పని అది. ఏం చెప్పానో గుర్తు లేదు. అమ్మ గురించి, నీళ్ళ గురించి చెప్పి ఉంటాను. ఒకామె కళ్ళు తుడుచుకోవడం మాత్రం చూశాను.

తర్వాత నాటి చూపించాలి. ఒక ముసలి కంచరగాడిదని కట్టారు, రాల్ఫ్ పైన కూర్చుని తోలాడు. కింద ఎడమ సీట్లో నేను, కుడి సీట్లో మీ బావ. క్యాబేజీ నారు తెచ్చారు, కాలం కొంచెం దాటిపోయిన నారు. టక్కుమంటే నేను, మళ్ళీ టక్కుమంటే ఆయన. మొదట్లో ఆయన తడబడ్డారు, తర్వాత కుదిరింది. ఎండిన మట్టి మీద నీళ్ళు పడ్డ వాసన వస్తోంది. ఇరవై, ముప్పై మొక్కలు అలా పెట్టాం.

ఆ తర్వాత నా చెయ్యి కదలలేదు, అన్నయ్యా. ఎందుకో చెప్పలేను. నొప్పి కాదు. బాగా అలిసిపోయాను. ఆ రోజు అలసట కాదు, ఎప్పటినుంచో ఉన్నది. మొక్క చేతిలోనే ఉంది, టక్కుమంది, నేను అలాగే కూర్చుండిపోయాను. తొమ్మిది మంది ముందు ఏడ్చేశాను. ఆయన ఉద్యోగం అక్కడే తేలాలి, నేనేమో వరస తప్పిస్తున్నాను. ఆపమనైనా అనలేకపోయాను. గాడిద నడుస్తూనే ఉంది.

పొలం చివర దిగి వెనక్కి తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. రాల్ఫే చూడమన్నాడు. చాలు పొడుగునా మొక్కలు ఉన్నాయి. నా పక్క నుంచి చెయ్యి చాపి నా వంతు కూడా మీ బావే పెట్టుకుంటూ వచ్చారు. ఒక్కరి వల్ల కాదని నేనే చెప్పిన పని. కొన్ని వంకరగా ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు.

వసంత